మేనకోడలికి మొదటి ఎలక్ట్రిక్ గిటారు

కాకినాడలో తొమ్మిదో తరగతి పూర్తి చేసిన మా మేనకోడలు ఈ వేసవి సెలవులకు హైదరాబాదులో మా ఇంటికి వచ్చినప్పుడు, తనకు ఎలక్ట్రిక్ గిటారు కావాలనీ, దాన్ని నేనే దగ్గరుండి ఎంచిపెట్టాలనీ అడిగింది. ఆరేళ్ళుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్న పిల్ల. వాళ్ళకు పాఠం చెప్పే టీచరుగారు ఒకరోజు ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ కచేరీ రికార్డింగు వినిపించారట. పాలకొల్లులో పుట్టిన ఆ విద్వాంసుడు జంట తీగల మామూలు మాండొలిన్‌ను వదిలి, ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించిన తీరు విన్న నాటి నుంచి, కరెంటుతో పలికే తీగవాద్యం ఒకటి తన చేతిలో ఉండాలన్న కోరిక ఈ పిల్లలో నాటుకుపోయింది. మా అక్క కూడా ఫోన్ చేసి, ముప్పై వేలు దాటకుండా చూడమని చెప్పి, ఆ బాధ్యతను నా మీద పెట్టింది.

వెంటనే సరేనన్నాను గానీ, ఆ రాత్రంతా నాకు డిగ్రీ రెండో ఏడాదిలో విజయవాడలోని ఒక దుకాణంలో కొనుక్కున్న నా మొదటి గిటారే కళ్ళ ముందు మెదిలింది. దాని తీగలు పన్నెండో ఫ్రెట్, అంటే నెక్ అనే పొడవాటి మెడ మీద అడ్డంగా పొదిగిన పన్నెండో లోహపు మెట్టు దగ్గర నాలుగు మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉండేవి. తీగను ఫ్రెట్‌కు ఆనించడానికే వేళ్ళ బలమంతా చాలేది కాదు; ఆనించాక వచ్చిన స్వరం కాస్త పైకి జారి పలికేది. వేళ్ళు కాయలు కాయాలనీ, ఆరు నెలలు ఓర్చుకుంటే అన్నీ సర్దుకుంటాయనీ అమ్మినవారు చెప్పారు. ఎనిమిది నెలలు ఓర్చుకున్నాను. కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించే ఎఫ్ కార్డ్ ఒక్కరోజు కూడా శుభ్రంగా మోగలేదు. ఈ విద్య నాకు అబ్బదని తీర్మానించుకుని ఆ గిటారును బీరువా పైకి ఎక్కించేశాను.

ఏడేళ్ళ తర్వాత హైదరాబాదులో గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు దాన్ని తీసుకువెళ్ళాను. ఆయన దాన్ని హెడ్ వైపు నుంచి కంటి ఎదుట పెట్టుకుని, నెక్ వెంబడి ఒక కన్ను మూసి చూసి, "తప్పు నీ వేళ్ళది కాదు బాబూ, ఈ నెక్‌ది. కొన్న రోజు నుంచీ ఇలాగే వంగి ఉండి ఉంటుంది" అన్నారు. నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని అలెన్ కీతో కొద్దికొద్దిగా బిగించి, బాడీ మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జిలో అవి ఆనే శాడిళ్ళను దించి, నెక్ పై కొసన తీగలు ఆనే నట్‌లోని గాడులను సన్నటి ఆకురాయితో లోతు చేసి, ముప్పావు గంటలో నా చేతికి ఇచ్చారు. అదే గిటారు, అవే వేళ్ళు, ఎఫ్ కార్డ్ మాత్రం ఆరు తీగల మీదా మోగింది. సంతోషం కంటే ముందు నాకు దుఃఖం వచ్చింది, ఎందుకంటే నలభై ఐదు నిమిషాల పని జరగనందువల్ల నా వయసులో ఏడేళ్ళు సంగీతం లేకుండా గడిచిపోయాయి.

అందుకే, ఎవరైనా తమ పిల్లలకు మొదటి ఎలక్ట్రిక్ గిటారు ఏది కొనాలని అడిగితే నేను ముందుగా కంపెనీ పేరు చెప్పను. నేర్చుకునేవారి చేతికి లొంగేలా, మోగినంతసేపూ శ్రుతిలో నిలిచేలా సర్దిన గిటారు ఏదైనా మంచి మొదటి గిటారే. అలా సర్దకుండా ఇచ్చినది లక్ష రూపాయలదైనా పిల్లవాడిని వెనక్కి నెడుతుంది. రంగు, ఆకారం, చెక్క, పికప్ వంటివన్నీ ఆ తర్వాత మాట్లాడుకోవలసినవి.

మా అక్కకు మొదట వచ్చిన సందేహం చాలామంది తల్లిదండ్రులకు వచ్చేదే. ముందు మామూలు అకూస్టిక్ గిటారు మీద నేర్చుకుని, చేయి తిరిగాక ఎలక్ట్రిక్‌కు మారడం మంచిది కదా అని అడిగింది. ఈ సలహా మన దుకాణాల్లోనూ, క్లాసుల్లోనూ తరచుగా వినిపిస్తుంది గానీ, దానికి ఆధారమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అకూస్టిక్ గిటారుకు మామూలుగా వేసే సెట్‌లో అన్నిటికంటే సన్నని మొదటి తీగ మందం 0.012 అంగుళాలు, ఎలక్ట్రిక్ గిటారుకు వేసే సెట్‌లో అది 0.009 లేదా 0.010 అంగుళాలు మాత్రమే. అందుకే గిటారు వాయించేవాళ్ళు "తొమ్మిది సెట్", "పది సెట్" అని వాటిని పిలుస్తారు. తొమ్మిది సెట్‌ను మామూలు శ్రుతికి ఎక్కిస్తే ఆరు తీగలూ కలిసి నెక్ మీద వేసే లాగుడు దాదాపు 38 కిలోలు ఉంటుంది, పది సెట్‌తో అది 46 కిలోల దాకా వెళ్తుంది. సన్న తీగ తక్కువ ఒత్తిడికే లొంగుతుంది కాబట్టి పద్నాలుగేళ్ళ పిల్ల వేళ్ళకు ఎలక్ట్రిక్ గిటారే సులువు. పైగా గమకాల మీద మనసున్న పిల్లకు తీగను ఫ్రెట్ మీద పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకువెళ్ళడం అవసరం. వీణలో చేసేది కూడా అదే. అకూస్టిక్ గిటారు మీద మందపు తీగను అలా ఒక స్వరం మేర లాగడం మొదట్లో ఎవరికైనా కష్టమే. ఏ వాద్యం వినడానికి ఇష్టమో దానితోనే మొదలుపెట్టడం మేలని మా అక్కకు చెప్పాను, ఆమె ఒప్పుకుంది.

దుకాణానికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం మేనకోడలిని కూర్చోబెట్టి, ఎలక్ట్రిక్ గిటారులో శబ్దం ఎక్కడ పుడుతుందో చెప్పాను. తీగ కింద ఉండే పికప్‌లో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. అయస్కాంతం పైన ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ చుట్లలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది, యాంప్ దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది. ఇందులో గాలి పెట్టె పాత్ర లేదు కాబట్టి బాడీ గట్టి చెక్క పలకగా ఉండవచ్చు. ఈ సంగతిని ఆధారం చేసుకుని కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ 1950లో తయారుచేసిన గిటారే మరుసటి ఏడాదికి టెలీకాస్టర్ అనే పేరు పొందింది. ఆయనకు గిటారు వాయించడం రాదు. రిపేరు చేసేవాడి కళ్ళతో చూసి, నెక్‌ను బాడీకి జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు, చెడిపోతే విప్పి మార్చడానికి వీలుగా. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటారును, 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చాయి. ఈ రోజు మన దుకాణాల్లో గోడకు వేలాడే గిటార్లలో చాలా భాగం ఈ మూడింటి ఆకారాలకు దగ్గరి చుట్టాలే.

మరుసటి రోజు ఉదయం దుకాణం తెరిచిన వేళకే వెళ్ళాం, ఎందుకంటే జనం పెరిగాక గిటారును నింపాదిగా పరీక్షించడానికి వీలుండదు. మా బడ్జెట్‌లో ఉన్న మూడింటిని దింపించి పక్కపక్కన పెట్టించాను. మొదటిది ముదురు ఎరుపు రంగులో, లెస్ పాల్ ఆకారంలో ఉన్నది. దాన్ని చూడగానే "మావయ్యా, ఇదే తీసుకుందాం!" అని మేనకోడలు దాని మీద చేయి వేసేసింది. రెండోది కొమ్ముల్లాంటి మొనలతో, బ్రిడ్జి గాలిలో తేలుతున్నట్టు ఉండే ఫ్లాయిడ్ రోజ్ తరహా ట్రెమోలో, అంటే ఒక కడ్డీతో బ్రిడ్జిని కదిపి స్వరాన్ని ఊగించే అమరిక ఉన్నది. మూడోది యమహా పసిఫికా 012, చూడడానికి నిరాడంబరంగా ఉండే నల్లటి గిటారు. పిల్ల ఇష్టాన్ని తేలికగా తీసుకోకూడదని నా నమ్మకం. గోడ మీద గిటారు కనిపించినప్పుడల్లా చేతిలోకి తీసుకోవాలనిపిస్తేనే సాధన సాగుతుంది. అందుకని ముందు ఎర్రదాన్నే ఒడిలో పెట్టి, పావుగంట అలాగే కూర్చోమన్నాను. నాలుగు కిలోలకు పైగా ఉన్న ఆ బరువు ఎనిమిదో నిమిషానికే ఆమె ఎడమ భుజాన్ని కిందికి లాగింది. స్ట్రాటోకాస్టర్ ఆకారపు బాడీకి వెనుక వైపు పొట్ట ఆనేచోట, ముందువైపు ముంజేయి ఆనేచోట చెక్కను చెక్కి పల్లం చేస్తారు. ఆ పల్లం లేని బాడీ అంచు సన్నటి పిల్లల ముంజేతిని ఎలా నొక్కుతుందో, పావుగంట తర్వాత ఆమె చేతి మీద మిగిలిన ఎర్రటి గీత చెప్పింది.

తర్వాత చేసిన పరీక్ష గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో సంగీతం తెలిసినవారెవరైనా సరే, గిటారు రాకపోయినా దాన్ని చేయవచ్చు. గిటారులో ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం. తెరిచిన తీగను, అంటే ఎక్కడా నొక్కని తీగను షడ్జమం అనుకుంటే, మొదటి ఫ్రెట్ శుద్ధ రిషభం, నాలుగోది అంతర గాంధారం, ఐదోది శుద్ధ మధ్యమం, ఏడోది పంచమం, ఎనిమిదోది శుద్ధ ధైవతం, పదకొండోది కాకలి నిషాదం, పన్నెండోది పై షడ్జమం అవుతాయి. సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళ ఇదే కదా. ట్యూనర్‌తో శ్రుతి చేసిన గిటారు మీద ఆరు తీగల్లో ఒక్కోదాన్నీ దాని సొంత షడ్జమంగా తీసుకుని, యాంప్‌కు తగిలించకుండానే, ఈ ఎనిమిది చోట్లా ఒక్కో వేలితో నింపాదిగా పలికిస్తూ ఆరోహణ, అవరోహణ చేయమని మేనకోడలికి చెప్పాను. గిటారు ముట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి, అయినా చెవి ఆరేళ్ళుగా తయారై ఉంది.

ఎర్ర గిటారు మీద మొదటి రెండు తీగలు బాగానే సాగాయి. మూడో తీగ మీద రిషభం నొక్కగానే పిల్ల ముఖం చిట్లించి, "పైకి పోతోంది మావయ్యా" అంది. ట్యూనర్ పెట్టి చూస్తే నిజంగానే స్వరం ఎక్కువగా ఉంది. నట్‌లో ఆ తీగ గాడి లోతు చాలకపోతే తీగ ఎత్తులో ఉండిపోతుంది, మొదటి ఫ్రెట్‌కు ఆనేలోపు అది సాగి శ్రుతి పెరుగుతుంది. తెరిచిన తీగ శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి ట్యూనర్ ముందు అంతా సరిగానే కనబడుతుంది, కార్డ్ పట్టుకుంటే మాత్రం అపశ్రుతి వినిపిస్తుంది. నేర్చుకునే పిల్లవాడు ఆ తప్పు తనదే అనుకుంటాడు. నట్ గాడిని లోతు చేయడం చిన్న పనే, అందువల్ల దాని కోసమే గిటారును వద్దనుకోవలసిన పని లేదు. అయితే నాలుగో తీగ మీద పంచమం దగ్గర, అంటే ఏడో ఫ్రెట్ నొక్కినప్పుడు మాత్రమే, తీగ లోహానికి తగిలి గరగరమంది. తంబురాలో బ్రిడ్జి మీద దారం పెట్టి మరీ రప్పించుకునే ఆ గరగర గిటారులో పనికిరాదు. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో అంతటా ఆ బజ్ ఉంటే నెక్ వెనక్కి వంగిందని, ట్రస్ రాడ్‌తో సరిపోతుందని అనుకోవచ్చు. ఒక్క చోట మాత్రమే ఉంటే దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా లేచి ఉందన్నమాట. ఫ్రెట్లన్నిటినీ అరగదీసి సమం చేయించాలి, దానికయ్యే ఖర్చు చవక గిటారుకు తగదు. ఎర్ర గిటారు అక్కడితో పక్కకు పోయింది. పిల్ల కళ్ళల్లో కాస్త నిరాశ కనిపించినా, విన్నది తన చెవే కాబట్టి మాట్లాడలేదు.

నల్ల పసిఫికా మీద ఆరు తీగలూ బజ్ లేకుండా పన్నెండో ఫ్రెట్ దాకా వెళ్ళాయి. ఆరో తీగ మీద పై షడ్జమం కొద్దిగా పెరిగి వినిపించింది. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగ సగం పొడవులో ఉంటుంది కాబట్టి అక్కడి స్వరం రెట్టింపు స్థాయిలో నిక్కచ్చిగా నిలవాలి. నిలవకపోతే బ్రిడ్జిలో ఆ తీగ శాడిల్‌ను స్క్రూతో కొంచెం వెనక్కి జరిపితే చాలు. దీన్నే ఇంటోనేషన్ సరిచేయడం అంటారు, రెండు నిమిషాల పని. ఆమె ఇంకొక మాట కూడా అంది. ఏ గిటారు మీద వాయించినా గాంధారం ఒక పిసరు ఎక్కువగా ఉన్నట్టే ఉందట. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను, ఎందుకంటే అది గిటారు లోపం కానే కాదు. ఫ్రెట్లను స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి అమరుస్తారు. ఒక్కో ఫ్రెట్ దూరాన్ని నూరు సెంట్లుగా లెక్కిస్తే, అందులో అంతర గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో పడుతుంది, తంబురా నాదంలో సహజంగా వినిపించే గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఆ పద్నాలుగు సెంట్ల తేడాను పట్టుకున్న చెవి గురించి వాళ్ళ టీచరుగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రెండో గిటారును నేను పరీక్ష దాకా రానివ్వలేదు, దానికి కారణం బ్రిడ్జి. తేలే ట్రెమోలోలో బ్రిడ్జిని ఒక వైపు తీగలు, మరో వైపు బాడీ వెనుక ఉన్న స్ప్రింగులు లాగుతూ ఉంటాయి. ఆ రెండు లాగుళ్ళు సమానమైనచోట బ్రిడ్జి నిలుస్తుంది. ఒక తీగను శ్రుతి పెంచితే బ్రిడ్జి కొద్దిగా ముందుకు ఒరిగి మిగతా ఐదూ దిగిపోతాయి, ఒక తీగ తెగితే అన్నీ పెరిగిపోతాయి. చేయి తిరిగినవాళ్ళకు అది గొప్ప సాధనం. కాకినాడలో ఒంటరిగా కూర్చుని శ్రుతి చేసుకోవలసిన పిల్లకు మాత్రం అది ప్రతిరోజూ అరగంట తినేస్తుంది. టెలీకాస్టర్, లెస్ పాల్ తరహాల్లో బ్రిడ్జి కదలదు. పసిఫికాలో ఉన్నది స్ట్రాటోకాస్టర్ తరహా మామూలు ట్రెమోలో. వెనుక మూత తీసి స్ప్రింగులను పట్టి ఉంచే రెండు స్క్రూలను బిగిస్తే బ్రిడ్జి బాడీకి ఆనుకుని స్థిరంగా కూర్చుంటుంది. మేమూ అలాగే చేయించాం, ట్రెమోలో కడ్డీని సంచిలో దాచేశాం.

కొలతల గురించి ఒక్క మాట. తీగల ఎత్తును, అంటే యాక్షన్‌ను, పన్నెండో ఫ్రెట్ పై నుంచి తీగ కింది అంచు వరకు సన్న ఉక్కు స్కేలుతో కొలుస్తారు. ఎలక్ట్రిక్ గిటారుకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య ఉంటే వేళ్ళకు హాయిగా ఉంటుంది. రెండున్నర దాటితే సర్దించమని అడగాలి, దుకాణంలోనే. నట్ నుంచి బ్రిడ్జి వరకు ఉండే స్కేల్ పొడవు ఫెండర్ తరహాల్లో 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ తరహాల్లో సుమారు 628. చిన్న స్కేల్‌లో ఫ్రెట్లు కాస్త దగ్గరగా, తీగలు కాస్త మెత్తగా ఉంటాయి, అయితే మొదటి ఫ్రెట్ దగ్గర ఆ తేడా ఒక మిల్లీమీటరే. పద్నాలుగేళ్ళ చేతికి రెండూ పనికొస్తాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకైతే అంతకంటే పొట్టి స్కేల్‌తో వచ్చే చిన్న గిటార్లు చూడడం మంచిది. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి గిటారు దుకాణంలో దొరకడం అరుదు గనుక ముందే చెప్పి తెప్పించుకోవాలి.

పికప్‌ల విషయంలో దుకాణాల్లో చాలా చర్చ జరుగుతుంది గానీ, మొదటి గిటారుకు తెలుసుకోవలసింది కొద్దిగానే ఉంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ గంటలా స్పష్టంగా పలుకుతుంది, చుట్టుపక్కల కరెంటు తీగల గుయ్యిమనే శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ గుయ్యిమనే శబ్దం ఒకదానితో ఒకటి రద్దయ్యేలా చేసిన పికప్‌కే హంబకర్ అని పేరు. అది మరింత బొద్దుగా, గట్టిగా పలుకుతుంది. ఏ తరహా సంగీతం వైపు మనసు పోతుందో ఇంకా తెలియని పిల్లకు బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్లా సింగిల్ కాయిల్ ఉండే అమరిక మేలు. పసిఫికా 012 అలాంటిదే. ఐదు స్థానాల స్విచ్‌తో ఏది కావాలంటే అది వాడుకోవచ్చు. బాడీ ఏ చెక్కతో చేశారన్న ప్రశ్న మీద ఈ ధరలో ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దన్నది నా అభిప్రాయం.

యాంప్ విషయంలో నేను పట్టుబట్టిన సంగతి ఒక్కటే, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలు ఉండాలి. అపార్టుమెంటులో రాత్రి తొమ్మిదికి హోంవర్కు ముగించుకుని గిటారు పట్టే పిల్లకు అది లేకపోతే సాధనే సాగదు. పది నుంచి ఇరవై వాట్ల చిన్న ప్రాక్టీస్ యాంప్ పడకగదికి ఎక్కువే. ఇంట్లో ఉన్న హోమ్ థియేటరుకో, మ్యూజిక్ సిస్టమ్‌కో గిటారు తీగను తగిలిస్తే సరిపోతుందని కొందరు అంటారు. పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను తీసుకునేలా వాటి ఇన్‌పుట్‌లను తయారుచేయరు కాబట్టి శబ్దం చిన్నగా, మూగగా వస్తుంది, పిల్లకు వాద్యం మీదే విసుగు పుడుతుంది. గిటారు, యాంప్, సంచి, కేబుల్ అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే చవక కాంబోలను కూడా నేను దూరం పెడతాను. అన్నిటిలోనూ కొంచెం కొంచెం కోసిన నాణ్యత మొత్తం గిటారు మీదే తేలుతుంది. మా ముప్పై వేలలో గిటారుకు ఇరవై వేల లోపు, యాంప్‌కు సుమారు ఏడు వేలు అయ్యాయి. మిగిలిన దాన్ని మంచి కేబుల్, స్ట్రాప్, క్లిప్ ట్యూనర్, రెండు తొమ్మిది సెట్ల తీగలు, ఆ పెద్దాయన చేతి సెటప్ పంచుకున్నాయి. సెటప్ సొమ్మును బడ్జెట్‌లో మొదటే పక్కన పెట్టాను, చివర మిగిలితే చూద్దామనుకుంటే అది ఎప్పుడూ మిగలదు.

వాడిన గిటారు కొనేవాళ్ళకు సరళీ స్వరాల పరీక్ష ఇంకా ఎక్కువ అవసరం. దానితో పాటు తీగల కింద ఫ్రెట్ల మీద పడ్డ గుంటలు చూడాలి, వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు చిటపటలు వస్తున్నాయేమో వినాలి, అలెన్ కీ అడిగి ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందో లేదో చూపించమనాలి.

జూన్‌లో గిటారు కాకినాడ చేరిన రెండో రోజునే అక్క ఫోన్ చేసింది. యాంప్ పెట్టగానే గుయ్యిమని మోత వస్తోందని, పిల్ల తీగల మీద చేయి వేస్తే తగ్గుతోందని, చేయి తీస్తే మళ్ళీ వస్తోందని చెప్పింది. తీగలు బ్రిడ్జి ద్వారా గిటారు లోపలి ఎర్త్ తీగకు కలిసి ఉంటాయి. మనిషి ముట్టుకుంటే అతని ఒళ్ళు పట్టుకునే కరెంటు మోత కూడా అటు దిగిపోతుంది కాబట్టి కొంత తగ్గడం సహజమే. అయితే మోత అంత గట్టిగా ఉండడం నాకు నచ్చలేదు. ఒక్కోసారి తీగ ముట్టుకుంటే వేలికి చిన్నగా జివ్వుమంటోందని పిల్ల అనగానే, యాంప్ ప్లగ్ పీకేయమనీ, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దనీ గట్టిగా చెప్పాను. అది మా బావగారి నాన్నగారు కట్టించిన పాత ఇల్లు. గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది గానీ, పై రంధ్రం వెనుక ఎర్త్ తీగే లేదు. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారి రెండు చేతులూ లోహపు తీగల మీదే ఉంటాయి, ఆ తీగలు కేబుల్ ద్వారా యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. యాంప్‌లో ఏదైనా లోపం వచ్చి, ఎర్త్ లేకపోతే ఆ కరెంటు దిగడానికి మనిషి ఒళ్ళే దారి అవుతుంది. పెరట్లో ఎర్త్ గొయ్యి తీయించి, ఆ గదికి కొత్తగా తీగ లాగించాక మోత చాలామటుకు అణిగింది, జివ్వుమనడం పూర్తిగా పోయింది. గిటారు కొనే ప్రతి ఇంట్లో ఈ పని ముందే చేయించుకోవాలని బతిమాలుతున్నాను.

జులైలో వానలు పట్టాక నేను కాకినాడ వెళ్ళాను. సముద్రపు గాలికి మొదటి మూడు తీగల మీద అప్పుడే సన్నగా తుప్పు మచ్చలు వచ్చాయి. వాయించడం అయ్యాక ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగలు కిందా పైనా తుడవాలని చూపించాను. చెమ్మకు నెక్ కొద్దిగా ముందుకు వంగి యాక్షన్ కాస్త పెరిగింది. అలెన్ కీ ఆమె చేతికే ఇచ్చి, తీగలు కొద్దిగా వదులు చేయించి, ట్రస్ రాడ్‌ను కుడివైపుకు పావు చుట్టు మాత్రమే తిప్పించాను, అంతకు మించి ఒకేసారి ఎప్పుడూ తిప్పకూడదని చెబుతూ. మళ్ళీ శ్రుతి చేసుకుని, ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా సరళీ స్వరాలు ఒక్కొక్కటే పలికించింది. బజ్ ఎక్కడా లేదు. మూడో తీగ మీద గాంధారం దగ్గరకు వచ్చేసరికి ఆగి, ఒక ఫ్రెట్ వెనక్కి జరిగి, అక్కడి నుంచి తీగను పక్కకు లాగుతూ తన చెవికి సరిపోయిన చోట నిలిపింది.